సవతిని తిట్టే రోజు

సోఖ్నాకి సవతి వస్తోందన్న కబురు మోసుకొచ్చింది పరాయివాళ్ళెవరో కాదు, సొంత మేనత్త ఖారీ. ఆ మేనత్తే అత్తగారు కూడా. కాయార్ రేవులో ఎండుచేపల బల్లల దగ్గరికి మిట్టమధ్యాహ్నం వచ్చి, ముక్కుకి తలగుడ్డ అడ్డం పెట్టుకుని, చేపలు బేరమాడినంత తేలిగ్గా చెప్పేసింది.

"వచ్చే శుక్రవారం మావాడికి యాండేని తీసుకొస్తున్నాం. మొన్ననే మసీదులో నిఖా అయిపోయింది. నువ్వు మొహం మాడ్చుకోకు తల్లీ."

సోఖ్నా చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. పదిహేనేళ్ళ కాపురం, ఇద్దరు ఆడపిల్లలు. నిఖా అయిపోయాక చెప్పడానికొచ్చారు!

"నేనేం తక్కువ చేశాను అత్తా?"

"నువ్వేం చెయ్యలేదే. వాడికిప్పుడు సొంత పడవుంది. పడవున్న మగాడికి ఒక్క పెళ్ళామంటే ఊళ్ళో నవ్వరూ?"

"మరి సవతి రాదని మా నాన్నకిచ్చిన మాటో?"

"మీ నాన్న పోయి ఏడేళ్ళయింది. మనిషి పోయాక మాటేమిటే!"

వోలోఫు జాతిలో ఆడపిల్లకి మేనత్తంటే మాటలా? పెళ్ళిలో చెయ్యి పట్టుకుని నడిపించేది ఆవిడే, కాపురంలో కలత వస్తే మొగుడి మీదికి వెళ్ళి నిలదీసేదీ ఆవిడే. సోఖ్నా పుట్టిన వారానికే ముంజేతికి నూలుదారం కట్టి, "ఇది నా కొడుకు బీరామ్ పెళ్ళాం" అని ఊరంతా చాటింది ఈ ఖారీయే. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటుంది? అన్నగారు పోయాడు కదా అని ఆయనకిచ్చిన మాటని కూడా గోతిలో పూడ్చేసింది మహాతల్లి. సోఖ్నా ఒళ్ళు భగ్గుమంది.

ఖారీ అదేమీ గమనించలేదు. ఇంకా ఓదారుస్తోంది.

"కడుపుమంట నాకు తెలీదా? ఇద్దరు సవతుల్ని ఏలినదాన్ని. అందుకేగా పెద్దలు సవతిని తిట్టే ఖాఖార్ పెట్టారు! పిల్ల వచ్చిన రోజు పాటగత్తె కీనేని పిలిపించు. పొద్దుగుంకేదాకా ఏం తిట్టించినా ఎవరూ కిక్కురుమనకూడదు. మర్నాటికి మంట చల్లారుతుంది, ఇద్దరూ ఒక్క పొయ్యి మీద వండుకుంటారు. కీనేకి నేనే ఇచ్చుకుంటాలే."

"ఏం తిట్టించినా సరేనా అత్తా?"

"ఏం తిట్టించినా."

"ఆ మాట పెద్దల ముందు చెప్తావా?"

"చెప్తానే పిచ్చిదానా! నాకేం భయం?"

ఆ క్షణాన సోఖ్నా మనసులో రెండే కోరికలు. ఆ పిల్ల తన గడప దాటకూడదు. ఈ తల్లీకొడుకులు ఇక ఊళ్ళో తలెత్తుకు తిరక్కూడదు.

మంగళవారం పొద్దున్నే పెళ్ళిళ్ళు నమోదు చేసే ఆఫీసుకి వెళ్ళింది. ఆ దేశంలో పెళ్ళి రాయించుకునేటప్పుడు మగాడు గుమాస్తా ముందు తేల్చి చెప్పాలి, ఒక్కర్తినే ఏలుకుంటాడా, నలుగురిదాకా చేసుకుంటాడా అని. ఒక్కర్తే అని సంతకం పెట్టాక చచ్చేదాకా మార్చుకోవడానికి లేదు. సోఖ్నా తండ్రి ఆ సంతకం పెట్టనిదే పిల్లనివ్వనని భీష్మించుక్కూర్చున్నాడు. బీరామ్ పెట్టాడు. చదువురాని పెళ్ళానికి కాగితం సంగతి ఏం గుర్తుంటుందిలే అనుకున్నాడు కాబోలు వెధవ!

కుర్ర గుమాస్తా పాత పుస్తకం తీసి చదివాడు. "ఒక్క భార్యేనని ఉందమ్మా. కింద సాక్షి వేలిముద్ర, ఖారీ అని. మీరు కోర్టుకెళ్ళొచ్చు."

"కోర్టుకెళ్తే మొగుణ్ణి బజారుకీడ్చిందని ఊరు నన్నే తిడుతుంది బాబూ. నేను తిట్టిస్తే ఊరు చప్పట్లు కొట్టే రోజొకటుంది. దానికి నకలొకటి ఇప్పించు చాలు." నకలు పట్టుకుని తిన్నగా కీనే ఇంటికెళ్ళింది; నిఖా నాడు బీరామ్ పిల్ల తండ్రితో ఏమన్నాడో ఊళ్ళో పాటగత్తెకి తెలియకుండా ఉంటుందా!

శుక్రవారం సాయంత్రం అసరు నమాజయ్యాక వాకిలి నిండిపోయింది. చాప మీద, తెల్లగుడ్డ ముసుగు కింద, పెళ్ళికూతురు యాండే తలొంచుకు కూర్చుంది. పక్కన ఆమె మేనత్త, వాళ్ళవైపు ఆడవాళ్ళు పదిమంది. బెంచీ మీద ఊరిపెద్ద మాదిక్ తాత, ఆయన పక్కన కొత్త అంగీ ఫెళఫెళలాడించుకుంటూ బీరామ్. ఖారీ నడుమ్మీద చెయ్యేసుకుని అందరికీ వినబడేలా ప్రకటించింది.

"ఇవాళ మా కోడలి రోజు. పొద్దుగుంకేదాకా ఏ మాట వచ్చినా ఈ ఇంట్లో ఎవరూ కోపగించుకోరు. ఇది నా మాట."

మాదిక్ తాత తలూపాడు. కీనే బోర్లించిన సొరబుర్ర మీద దరువేసి అందుకుంది.

"కొత్తకోడలు నడిచొస్తుంటే బాతు సంతకెళ్తోందనుకున్నాం! కొత్తకోడలు కూరొండితే కుక్క కూడా ఉపవాసమంది!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది బీరామే. ఇద్దరు ఆడాళ్ళు తనకోసం కొట్టుకుంటున్నారని వాడి మురిపెం. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అప్పుడు సోఖ్నా కీనే వైపు చూసింది. కీనే దరువు మార్చింది.

"పెళ్ళికూతురా, నిన్ను తిట్టను, నువ్వేం చేశావు? తిట్టాల్సినవాడు బెంచీ మీదున్నాడు! బీరామ్ గుమాస్తాకేం చెప్పాడు? ఒక్కర్తే అన్నాడు! మీ నాన్నకేం చెప్పాడు? నలుగురికి సంతకం పెట్టానన్నాడు! చెయ్యి ఒక్కటే, సంతకం ఒక్కటే, నాలికలు మాత్రం రెండు!"

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. బీరామ్ ఎగిరి లేచాడు. "ఆపండి! ఎవరు చెప్పమన్నారు దీన్ని?"

"కూర్చో బీరామ్," అన్నాడు మాదిక్ తాత. "పొద్దింకా గుంకలేదు. మీ అమ్మ మాటిచ్చింది."

ఇంతలో ముసుగు కదిలింది. పెళ్ళికూతురు ముసుగు తియ్యకూడదు, పెదవి విప్పకూడదు. యాండే రెండూ చేసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగక్షరాలు చదువుకున్నది.

"ఏదక్కా ఆ కాగితం?"

సోఖ్నా అందించింది. యాండే మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివి బీరామ్‌ని అడిగింది.

"నా పేరు ఏ కాగితంలో రాయిస్తారు?"

"కాగితాలదేముందే? దేవుడి ముందు అయిన పెళ్ళి..."

"ఆ దేవుడి ముందే కదండీ మా నాన్నతో అబద్ధమాడారు!"

యాండే మేనత్త చివాల్న లేచింది. మేనత్తంటే అదీ! పిల్ల నెత్తిమీది తెల్లగుడ్డ లాగి చంకన పెట్టుకుంది. పెళ్ళి తాంబూలంగా తెచ్చిన కోలా కాయలు బీరామ్ కాళ్ళ దగ్గర కుమ్మరించింది. "నీ గొంతులో కుక్కుకో," అని పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా నడిచింది. బీరామ్ వాళ్ళ వెంట పది అడుగులు పరిగెత్తాడు. వీధిలో నవ్వులు విని, ముందుకు పోలేక, వెనక్కి రాలేక, గోడవారగా కూలబడ్డాడు.

ఖారీ సోఖ్నా మీదికొచ్చింది. "చల్లగా ఉందా? నీ మొగుడి పరువు నువ్వే తీసుకున్నావు కదే! ఇక చాలించి కీనేని పంపెయ్."

"ఇంకొకరున్నారత్తా," అంది సోఖ్నా. "ఆ కాగితం మీద నీ వేలిముద్ర కూడా ఉంది."

కీనే సొరబుర్ర మీదనుంచి చేతులు తీసేసింది. "ఆవిణ్ణి నేననలేనమ్మా. ఇవాళ ఆవిడ చేతి సొమ్మే తిన్నాను."

పెద్దింటి ఆడది నలుగురిలో గొంతెత్తకూడదు. పాటగత్తె చేత తిట్టించాలి గానీ తాను తిట్టకూడదు. అలా చేస్తే ఆ ఇంటి పేరు ఎప్పటికీ మాసిపోతుంది. సోఖ్నాకి అదంతా తెలుసు. తెలిసే వెళ్ళి కీనే పీటమీద కూర్చుంది. వాకిట్లో ఆడవాళ్ళు "ఓయమ్మో" అని నోళ్ళు నొక్కుకున్నారు.

"అన్న చేతిలో చెయ్యేసి నీ పిల్లకి సవతి రాదంది, ఈవిడే! సాక్షి నేనంటూ వేలు ముంచింది, ఈవిడే! ఆ వేలితోనే నాకు సవతిని చూపించింది, ఈవిడే!"

గొంతు బొంగురు, దరువు తప్పుతోంది. అయినా మూడోసారికి ఆడవాళ్ళు తమకు తెలియకుండానే "ఈవిడే" అని వంత పలికారు. ఖారీ లేవబోయి మాదిక్ తాత వంక చూసింది. ఆయన పడమటి వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. ఖారీ కూలబడి, తలగుడ్డలో మొహం దాచుకుని ఏడవడం మొదలుపెట్టింది.

సోఖ్నా చెయ్యి ఆపింది. చిన్నప్పుడు తనకి నీళ్ళుపోసి జడలు అల్లిన మనిషి. జాలేస్తుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది. వెయ్యలేదు. రెండో చరణం ఎత్తుకుంది.