మాస్టారు మోసిన మూట

గవర్నరుగారు యుద్ధంలో ఒక మనిషిని భుజాన వేసుకుని నడిచొచ్చారన్న సంగతి ఆ రాష్ట్రంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ మోయించుకున్న మనిషి బస్టాండు వెనక వీధిలో దర్జీ. అతని అసలు పేరు ఎప్పుడో మరుగున పడింది. మొదటి ఎన్నికల సభలో గవర్నరుగారు "వీణ్ణి మూటలా ఎత్తుకొచ్చాను" అన్నారు. అంతే, మర్నాటినుంచి ఊరు ఊరంతా అతన్ని మూట అనే పిలిచింది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా.

అందులో అబద్ధం లేదు. మైళ్ల సంగతి వేరు, ఎన్నిక ఎన్నికకీ ఆ దారి కాస్త సాగుతూ వచ్చింది. మోసిన మాట మాత్రం నిజం. అదే అతని ప్రాణానికి వచ్చింది. అబద్ధమైతే ఏనాడో కాదనేసి, ఉన్న ఒక్క కాలితో తన మిషను తను తొక్కుకుంటూ బతికేవాడు.

యుద్ధానికి ముందు గవర్నరుగారు హైస్కూల్లో చరిత్ర చెప్పే మాస్టారు. ఆయన పాఠం మొదలుపెడితే వెనక బెంచీవాళ్ళు కూడా కిమ్మనకుండా వినేవారు. పాత యుద్ధాలు చెబుతుంటే గుర్రాల డెక్కల చప్పుడు వినిపించేది. యుద్ధం వచ్చిన ఏడు ఒక ఉదయం ఆయన పుస్తకం మూసి బల్లమీద పెట్టి, తాను సైన్యంలో చేరుతున్నానని, ఇవాళే ఆఖరి పాఠమని చెప్పారు. ఎవరినీ రమ్మనలేదు. రమ్మనవలసిన అవసరం ఆయనకు లేదు. సాయంత్రానికల్లా ఆఖరి తరగతి కుర్రాళ్ళు ఐదుగురు ఆయన వెనక వరస కట్టారు. అందులో మూట ఒకడు. పాటగాడని అందరూ పిలిచే అతని బెంచీ నేస్తం ఇంకొకడు. తిరిగి వచ్చింది మాత్రం మాస్టారూ, మోకాలి కింద ఎడమకాలు పోగొట్టుకున్న మూటా.

తర్వాత మాస్టారు వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఛాతీమీద పతకంతో బడికి వస్తే హెడ్మాస్టర్ని చేశారు. బడి కప్పు కోసం మంత్రితో తగవు పడితే జనం ఆయన్నే ఎన్నికల్లో నిలబెట్టారు. శాసనసభకు వెళ్ళారు, విద్యామంత్రి అయ్యారు, ఆఖరికి జనం ఓట్లతోనే గవర్నరు కుర్చీలో కూర్చున్నారు. చెడ్డ పాలకుడని పగవాడు కూడా అనలేదు. కారుతున్న బడుల కప్పులు వేయించారు, మాజీ సైనికులకు పింఛను పెంచారు. మూటకు కొయ్యకాలు, వీధిలో కొట్టు ఆయన చలవే. ఆయన కోట్లన్నీ మూటే కుట్టేవాడు. పొట్ట పెరిగిన కొద్దీ నడుము దగ్గర విప్పి కుట్టేవాడు కూడా.

ప్రతి ఎన్నికలోనూ మూటకు ఒకటే పని. వేదికమీద వెనక కుర్చీలో కూర్చోవాలి. గవర్నరుగారు చెయ్యి చాపగానే లేచి నిలబడాలి. జనం చప్పట్లు కొడతారు. మళ్ళీ కూర్చోవాలి. ఆ రోజున ఇంటికి వచ్చి అన్నం సహించక అటూ ఇటూ దొర్లుతుంటే, ఊరికే కూర్చుని లేచినందుకే ఇంత హైరానా ఏమిటని భార్య నవ్వేది. ప్రాణం పోసినవాడి మీద ఫిర్యాదు ఏ నోటితో చెబుతాడు?

సరిహద్దులో మళ్ళీ గొడవలు మొదలయ్యాయి. సైన్యంలో చేరడానికి మనుషులు చాలడం లేదని పైనుంచి ఒత్తిడి వచ్చింది. గవర్నరుగారు బడి బడికీ వెళ్ళి తానే పిల్లలతో మాట్లాడతానన్నారు. మొదటి సభ ఆయన చదువు చెప్పిన బళ్ళోనే. ఈసారి మూట లేచి నిలబడితే చాలదట, రెండు మాటలు చెప్పాలట. స్వయంగా కొట్టుకు వచ్చి, కత్తిరింపు బల్లమీద చెయ్యి ఆనించి అడిగారు.

"నా మాటకంటే నీ మాట వాళ్ళకి బాగా ఎక్కుతుందిరా. భయం లేదని చెప్పు చాలు."

మూట సరేనన్నాడు. ఆయనకు కాదనడం అతనికి చేతకాదు. చెప్పమన్నది చెప్పి తిన్నగా ఇంటికి రమ్మని భార్య వెయ్యిసార్లు చెప్పి పంపింది.

బడి హాలు కిటకిటలాడింది. గవర్నరుగారు ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టు మాట్లాడారు. అదే గొంతు, అవే గుర్రాలు. పిల్లలు నోళ్ళు తెరిచి వింటున్నారు. తరువాత ఆయన చెయ్యి చాపారు. మూట లేచాడు, చప్పట్లు మోగాయి, మైకు చేతికి వచ్చింది.

ఎదురుగా మొదటి వరసల్లో ఆఖరి తరగతి పిల్లలు. ఆ చొక్కాలు చాలావరకు అతను కుట్టినవే. ఇంకా ఎదుగుతారని చేతుల చివర, అడుగున లోపలికి మడిచి గుడ్డ వదిలి కుట్టాడు. ఆ మడతలు ఇంకా ఎవరూ విప్పలేదు. వాటివైపు చూస్తూ చూస్తూ అతను చెప్పవలసిన రెండు మాటలూ మరిచిపోయాడు.

తమతో వచ్చిన కుర్రాళ్ళ గురించి మొదలుపెట్టాడు. ఒకడికి బూట్లు పెద్దవై కాగితాలు కుక్కుకునేవాడని చెప్పాడు. ఇద్దరు మొదటి వారంలోనే లారీతో పాటు పేలిపోయారని చెప్పాడు. తర్వాత కాలువ గట్టు. గట్టుకి ఇటు తాను పడ్డాడు, అటు పాటగాడు పడ్డాడు. మాస్టారు పాక్కుంటూ వచ్చి దగ్గరున్నవాణ్ణి ఎత్తుకున్నారు. రెండోసారి రావడానికి అవతలివాళ్ళ తుపాకులు ఊరుకోలేదు.

"వాడు పొద్దుగూకేదాకా అమ్మా అమ్మా అని పిలిచాడు," అన్నాడు మూట. "మాకు వినిపిస్తూనే ఉంది. మాస్టారు చెవులు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను."

గవర్నరుగారు లేచి, మెల్లగా, చాలా మర్యాదగా మైకు తీసుకున్నారు. మనవాడికి ఆరోగ్యం బాగాలేదని పిల్లలకు చెప్పి, భుజంమీద చెయ్యి వేసి హెడ్మాస్టరు గదిలోకి నడిపించారు. తలుపు మూశాక ఆయన ముఖంలో కోపం కనిపించలేదు. అదే మూటను భయపెట్టింది.

"పాటగాడి అమ్మ పిల్లల వెనక వరసలో కూర్చుంది. చూశావా?"

మూట చూడలేదు.

"ఒక్క గుండుతో పోయాడు, నొప్పి కూడా తెలియలేదని ఆవిడకి నేనే చెప్పాను. ఇన్నేళ్ళూ ఆ అబద్ధాన్ని మోశాను. నువ్వు దానికంటే తేలికరా."

"మోశారు సార్, కాదనను," అన్నాడు మూట. "కానీ మేం అక్కడికి ఎవరి వెనక వచ్చాం? రేపు ఈ పిల్లల తల్లులకి ఏమని చెబుతారు?"

గవర్నరుగారు కిటికీ దగ్గరికి నడిచారు. ఇంతలో కార్యదర్శి తలుపు తట్టి, బయట పిల్లలు చేరతామంటూ వరస కట్టారని, ఆయన కోసం చూస్తున్నారని చెప్పాడు. ఆయన అద్దంలో చూసుకుని, కోటు గుండీ పెట్టుకుని వెళ్ళిపోయారు. మూట కిటికీలోంచి చూశాడు. వరస గేటు దాటి రోడ్డుమీదికి వచ్చింది. వాళ్ళు విన్నది గుర్రాల డెక్కలే. కాలువ గట్టు వాళ్ళ చెవిన పడనే లేదు.

ఊళ్ళో మాట రెండో రోజుకే మారిపోయింది. ప్రాణం పోసినవాడికే పంగనామం పెట్టాడన్నారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే రకమన్నారు. బడి బట్టల పని పక్క వీధి దర్జీకి పోయింది. గవర్నరుగారు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ ఏడు మళ్ళీ గెలిచారు కూడా. వెనక కుర్చీ ఈసారి ఖాళీగా ఉంచారని, ఆ కుర్చీవైపు చెయ్యి చాపి ఆయన కాసేపు మౌనంగా నిలబడ్డారని, జనం కంటతడి పెట్టుకున్నారని మూట రేడియోలో విన్నాడు.

పాటగాడి తల్లి సభ జరిగిన కొన్నాళ్ళకు కొట్టుకు వచ్చింది. మూట లేవబోతే వద్దంది. కస్టమర్ల బల్లమీద కూర్చుని, దారాల కండెలకేసి చూసింది. క్షమించమని అడుగుదామని అతను నోరు తెరిచేలోపే ఆవిడ అంది.

"నువ్వు నిజమే చెప్పావు నాయనా. చెప్పొద్దని అనను. కానీ ఇన్నేళ్ళూ నాకు రాత్రిపూట నిద్ర పట్టేది."

అతను చేతిలోని బట్ట మడిచి పక్కన పెట్టాడు.

"నీకు వినిపించింది కదా, నువ్వే చెప్పు," అంది ఆవిడ, కాస్త ముందుకు వంగి. "ఎలా పిలిచాడు? ఇంట్లో పిలిచినట్టే పిలిచాడా?"

మూట మిషను చక్రంమీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. ఆవిడ జవాబు కోసం చూస్తూనే ఉంది.