పుత్తూరు కట్టు

ఎక్స్‌రే గది తలుపుకు తాళం లేదు. తొమ్మిది రోజుల తర్వాత ఆ తలుపు తెరిచి ఉండటం చూసి పంకజాక్షికి ప్రాణం లేచి వచ్చింది. రోజుకు రెండు గంటలు గది తెరవడానికి సమ్మె సంఘం వాళ్లు ఒప్పుకున్నారట. ఎడమ చేతిని కుడి చేత్తో మోసుకుంటూ వరసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి పదకొండయింది. లోపల ఎక్స్‌రే తీసే చెంగల్రాయుడు ఆమె ముఖం చూడలేదు, చెయ్యి చూశాడు. మోచేతి దాకా వెదురు దబ్బలు, ఆకుపసరు, వాటి మీద తెల్లగుడ్డ చుట్టలు. బొటనవేలు ఒక్కటే బయటికి ఉంది.

"ఇది ఇప్పేసి రామ్మా," అన్నాడు.

రేణిగుంట అవతల కల్వర్టు పనిలో, తట్టకెత్తుతున్న రాయి జారి ఆమె మణికట్టు మీద పడింది. సరిగ్గా ఆ ఉదయమే ప్రభుత్వోద్యోగుల సమ్మె మొదలైంది. సర్కారు ఆసుపత్రిలో ప్రాణం మీదికొచ్చిన కేసులే చూస్తున్నారు. చెయ్యి విరిగితే మనిషి చావడు గనక, ఒక సూది వేసి, ఎక్స్‌రే గది తెరిచాక రమ్మన్నారు. ఎప్పుడు తెరుస్తారో చెప్పే నాథుడు లేడు. రెండు రోజులు నొప్పి ఓర్చుకుని, మూడో రోజు ఆ చుట్టుపక్కల ఎముక విరిగిన వాళ్లంతా చేసే పనే ఆమె కూడా చేసింది. బస్సెక్కి పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంది. పదిహేను రోజుల లోపల విప్పితే ఎముక వంకరగా అతుక్కుంటుందని కట్టినాయన మరీ మరీ చెప్పాడు. వంకర చేత్తో తట్ట ఎత్తేదెలా?

అదంతా చెంగల్రాయుడికి చెప్పుకుంది. రేపే కార్మిక శాఖ ఆఫీసులో నష్టపరిహారం విచారణ అనీ, రాయి పని దగ్గరే పడిందని నమ్మాలంటే సర్కారు డాక్టరు కాగితం తెమ్మన్నారనీ చెప్పింది.

"నేను కట్టు మీదనే ఎక్స్‌రే తీస్తానమ్మా. తీసి ఏం లాభం? ఉండేది ఒకే డాక్టరు. నాటుకట్టు ఇప్పి చెయ్యి సూడందే సంతకం పెట్టనంటాడు."

పోనీ రేపటి విచారణ వాయిదా వేస్తారేమోనని అడిగింది. ఆ ఆఫీసులో గుమాస్తాలే సమ్మెలో ఉన్నారు, అధికారి సమ్మెలో లేడు గనక విచారణ జరిగి తీరుతుందన్నాడు. చూశారా చోద్యం! ఆమెకు కావలసిన గదులన్నీ మూతపడ్డాయి గానీ, ఆమె మీదికొచ్చే తేదీ మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

బయట షామియానాలో సమ్మె చేసేవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లను చూస్తే ఒళ్లు మండిపోయినా, కాళ్లు లాగి ఆ అంచునే చతికిలబడింది. మొదటిరోజు సూది వేసిన నర్సు జ్ఞానాంబ ఆమెను గుర్తుపట్టి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కట్టు వైపు చూడలేక, కరువు భత్యం ఏడాదిగా రాలేదనీ, అడిగి అడిగి పని ఆపామనీ చెప్పుకొచ్చింది.

"పని ఆపితే పైవాళ్లు ఇంటారా అక్కా?"

"ఇంకా ఇనలేదు. ఆపకపోతే మేం ఉండామనే వాళ్లకి గుర్తుండదు మే."

పంకజాక్షికి కోపం పోలేదు. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

మధ్యాహ్నానికి మేస్త్రీ ధనంజయ వెతుక్కుంటూ వచ్చాడు. వెనక ఆమె భర్త మునెయ్య తలొంచుకుని నిలబడ్డాడు. అతనూ ఆ కల్వర్టు పనిలోనే ఉన్నాడు. మేస్త్రీ సంచిలోంచి ఒక కాగితం, సిరా పెట్టె తీశాడు. ఇంట్లో కాలుజారి పడ్డానని ఆమె చెప్పినట్టు అందులో రాసి ఉంది. వేలిముద్ర వేస్తే మునెయ్య పని నిలుస్తుంది. ఆమెకు కూడా ఒంటిచేత్తో గోడలు తడిపే పని, రోజుకు నలభై ఐదు రూపాయలు ఇస్తారు. వెయ్యకపోతే ఇద్దరూ రేపటి నుంచి రానక్కర్లేదు.

"డాక్టరు కాగితం నీకెట్టా రాదు. ఊరికే ఎందుకల్లాడతావు? ఏలు పెట్టు," అన్నాడు ధనంజయ.

ఆమె మునెయ్య వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఇంట్లో బియ్యం ఎల్లుండి దాకా కూడా రావని ఇద్దరికీ తెలుసు. ఆమెకు భయం వేసింది.

ధనంజయ కట్టులోంచి బయటికున్న ఎడమ బొటనవేలు పట్టుకుని సిరా అద్దాడు. కాగితం అట్ట మీద పరిచాడు.

"రాయి పడినప్పుడు నువ్వు ఆడనే ఉండావు గదన్నా," అంది పంకజాక్షి. "నన్ను లేపింది నువ్వే గదా."

అతను వేలిని కాగితం మీదికి లాగాడు.

పంకజాక్షి ఆ వేలిని లోపలికి మడిచింది. ఎముక కలుక్కుమని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేను ఇంట్లో పడలేదు," అంది. మేస్త్రీ ఇంకా గట్టిగా లాగాడు. ఆమె మడిచిన వేలు విప్పలేదు. సిరా అంతా పుత్తూరు కట్టు మీదికి ఎక్కింది.