పాముబండ పక్కన గొయ్యి

మూడు నెలలుగా భిక్షం ఫోను కింద పెట్టింది లేదు. స్నానానికెళ్ళినా బకెట్ పక్కనే. షూటింగులు లేవు, సెట్లు వేసే పనీ లేదు. పనుంటే మేస్త్రీ బాలనర్సయ్య ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే ఆ పని ఇంకొకడిది. ఆదివారం దాకా చూస్తానంది భార్య శకుంతలమ్మ. ఆ తర్వాత బోరబండ గది ఖాళీ చేసి ఊరికి పోవడమే. ఊళ్ళో ఏముందని? అక్కడేమీ లేకనే కదా ఇక్కడికొచ్చింది!

ఆ ఆదివారమే తిరుమలేశ్ వచ్చాడు. షూటింగుల్లో లైట్లు మోసేవాడు, భిక్షం కంటే ఖాళీ.

"అన్నా, ఫిలింనగర్ ఎనక ఖాళీ జాగల బండ మీద పాము గుర్తున్నది. పక్కన నిధి ఉన్నట్టే. రేపట్నుంచి గాడ బంగ్లా కడ్తరంట."

"పిచ్చి లేసిందారా?" అన్నాడు భిక్షం. అంటూనే చెప్పులు వేసుకున్నాడు. నవ్వేవాళ్ళు మూడు నెలలు పని లేకుండా ఉండి చూసి, అప్పుడు నవ్వాలి.

పట్టపగలు తవ్వితే ఎవరూ చూడరా? అక్కడే ఉంది వీళ్ళ తెలివి. నాలుగు గుంజలు పాతి ఆకుపచ్చ గుడ్డ కట్టారు. ఫిలింనగర్‌లో గుడ్డ కట్టి తవ్వేవాణ్ణి ఎవరూ అనుమానించరు. దారిన పోయే ఒకాయన ఆగి, "హీరో ఎవరండీ?" అని మాత్రం అడిగాడు.

"కొత్తాయనే సార్," అన్నాడు తిరుమలేశ్ తడుముకోకుండా. ఆయన వెళ్ళాక, "ఫోన్ బంద్ చెయ్యన్నా. సప్పుడైతే నిధి జరుగుతదంట," అన్నాడు.

భిక్షం తటపటాయించాడు. ఆదివారం ఎవరు పిలుస్తారులే అని ఆపేశాడు. ఆపాక ప్రాణం ఒక్కచోట నిలవలేదు. నాలుగు పోట్లు వేయడం, జేబు తడుముకోవడం.

మోకాలి లోతులో గునపం ఖంగుమంది. రాగి చెంబు! తిరుమలేశ్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. లోపల మట్టైపోయిన నవధాన్యాలు, ఒక రూపాయి బిళ్ళ.

భిక్షం చెంబు తిరగేసి బొటనవేలితో అడుగు తుడిచాడు. చుక్కలు చుక్కలుగా పేరు: శకుంతల.

పన్నెండేళ్ళ కిందట ఇక్కడే కోట సెట్ వేశారు. అప్పుడీ చుట్టుపక్కల ఒక్క బంగ్లా లేదు, గుర్తుపట్టేదెట్లా? సెట్ మొదలుపెట్టేటప్పుడు మొదటి గుంజ పక్కన పూజ చెంబు పాతడం ఆనవాయితీ. కంపెనీవాళ్ళు చెంబు మరిచిపోతే ఇంటినుంచి పరుగున తెచ్చి, తన చేత్తోనే పాతాడు. బండ మీది సిమెంటు పామూ ఆ కోటదే. పుట్టింటి చెంబు పారేశాడని శకుంతలమ్మ నెల్లాళ్ళు మాట్లాడలేదు.

ఫోన్ ఆన్ చేశాడు. బాలనర్సయ్య ఆరుసార్లు చేసినట్టు మెసేజ్‌లు వచ్చాయి. వెంటనే తిరిగి చేశాడు.

"ఏడ వోయినవ్ భిక్షం? రెండు నెలల పని! మీ ఇంటామెకు చేస్తే వస్తడన్నది. మూడింటిదాక చూసి వేరేటోన్ని పెట్టుకున్న."

ఇంటికెళ్ళేసరికి శకుంతలమ్మ కట్టిన మూటలు విప్పి, గిన్నెలు మళ్ళీ అరలో సర్దేసింది. చెంబు చూసి ముఖం విప్పారింది.

"పని దొరికె, గిది గూడ దొరికిందా! ఇయ్యాల మన దినం మంచిగున్నది."

గడపలోనే కూర్చుని చింతపండుతో చెంబు తోమడం మొదలుపెట్టింది. తోమడం అయ్యాక చెబుదామనుకున్నాడు భిక్షం.