బోర్డుగారి సైకిలు పుస్తకం

సబ్బుల ఫ్యాక్టరీలో భద్రతాధికారిని అందరూ బోర్డుగారనే పిలిచేవారు. ఆయన చేరిన తొమ్మిదేళ్లలో అక్కడ బోర్డు లేని గోడంటూ మిగల్లేదు. "నేల జారును", "తల జాగ్రత్త", "మండుచున్న వస్తువును ముట్టరాదు". ఆఖరిదంటే ఆయనకు ప్రత్యేకమైన ఇష్టం. భోజనాల గదిలో కూడా ఒకటి కొట్టించాడు.

ఇలా ఉండగా, కార్లు నిలిపే స్థలంలో గోదాము కట్టాలని మేనేజరుకు బుద్ధి పుట్టింది. గోదాము లేవాలంటే కార్లు పోవాలి. కార్లు పోవాలంటే ఉద్యోగుల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టాలి. పుట్టింది. ఇక అందరూ సైకిళ్ల మీదే వస్తే మంచిదని ప్రకటించి, ఏ దారిన రావాలో, సైకిలు ఎలా అమర్చుకోవాలో, రోడ్డు మీద ఎలా తొక్కాలో చెప్పే పుస్తకం రాసే పని బోర్డుగారి నెత్తిన పెట్టాడు.

బోర్డుగారు సైకిలెక్కి ముప్ఫై ఏళ్లు దాటింది. అప్పుడైనా వెనక అన్నయ్య పట్టుకుంటేనే. అయితేనేం, చెప్పేవాడికి వినేవాడు లోకువ. కంప్యూటర్లో మ్యాపు తెరిచి, బస్టాండు నుంచి ఫ్యాక్టరీ దాకా మూడు ఎర్ర గీతలు గీసి, రెండు సాయంత్రాల్లో ఇరవై పేజీలు రాసి పారేశాడు.

ఆ ఆదివారం మరదలు భోజనానికి వచ్చింది. ఆమె నర్సు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మారుస్తుంది. పదకొండేళ్లుగా ఎండనక వాననక సైకిలు మీదే తిరుగుతోంది. మెచ్చుకోలు వినాలన్న ఆశతో బోర్డుగారు కాగితాలు ఆమె చేతికిచ్చాడు. ఆమె పెన్సిలు అడిగింది. అక్కడే ఆయనకు ఒళ్లు మండింది.

"బావగారూ, రెండో దారిలో నీళ్ల ట్యాంకు పక్కన మెట్లున్నాయి. ముప్ఫై ఎనిమిది."

"మ్యాపులో దారి సాఫీగానే ఉందే."

"మ్యాపులో మెట్లు పడుకుని ఉంటాయి బావగారూ."

వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది.

"సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలని రాశారు. అంత కిందికి దించితే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. మడమ పెడలు మీద పెట్టి కింది దాకా తొక్కితే కాలు నిటారుగా రావాలి. అదీ ఎత్తు."

"పాదాలు ఆనితే పడరు కదమ్మా."

"ఆగి ఉన్నంతసేపు పడరు."

పదకొండో పేజీలో పెన్సిలు మళ్లీ ఆగింది. "ఆగి ఉన్న వాహనములను ఆనుకొని, రోడ్డు అంచుననే పోవలెను" అని ఉందక్కడ.

"ఇది మాత్రం తీసేయండి. కార్లో కూర్చున్నవాళ్లు వెనక చూసుకోకుండా తలుపు తీస్తారు. తలుపు తెరిస్తే ఎంత వస్తుందో అంత దూరం వదిలి తొక్కాలి."

"రోడ్డు మధ్యకు పొమ్మంటావా? వెనక వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?"

"తిట్టుకుంటారు. తిట్లకు కట్లు కట్టక్కర్లేదు."

నిన్నగాక మొన్న పెళ్లిలో తన చెప్పులు దాచిన పిల్ల తనకు భద్రత నేర్పడమా అనుకున్నాడాయన. ఆ పెళ్లయి పందొమ్మిదేళ్లయిందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. మొహం గంటు పెట్టుకుని కాగితాలు లాక్కున్నాడు. ఒక్క అక్షరం మారకుండా పుస్తకం అచ్చయింది. అట్ట మీద హెల్మెట్ పెట్టుకున్న బోర్డుగారి ఫొటో. ఆ హెల్మెట్ ముందు భాగం వెనక్కి తిరిగి ఉందని ప్యాకింగ్ సెక్షన్‌లో కనిపెట్టారు గాని, ఆ ముక్క ఆయన చెవిన వెయ్యాలని ఎవరికీ అనిపించలేదు.

పుస్తకం చూసి మేనేజరు మురిసిపోయాడు. "సోమవారం మొదటి సవారీ. అందరికంటే ముందు మీరే ఉండాలి. నేను గేటు దగ్గర ఫొటోకి వచ్చేస్తాను" అన్నాడు.

బోర్డుగారు సరేనని తలూపాడు. ఇంటికొచ్చి ఎదురింటివాళ్ల సైకిలు అడిగి తెచ్చుకుని, వెనక సందులో అటూ ఇటూ తూలడం మొదలుపెట్టాడు.

"చెల్లిని పిలవండి. ఒక్క పూటలో నేర్పేస్తుంది" అంది భార్య.

"పిలిస్తే నా పరువేమవుతుంది?"

"పడితే ఏమవుతుందో అదే అవుతుంది" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున బస్టాండు దగ్గర బోర్డుగారితో కలిపి పద్దెనిమిది మంది పోగయ్యారు. సీటు అడుగుకంటా దించుకుని, మోకాళ్లు చెవుల దాకా లేస్తుండగా బోర్డుగారు ముందు సాగాడు. రెండో దారే ఎంచుకున్నాడు. మరదలి మాట అబద్ధమని తేలాలి కదా. నీళ్ల ట్యాంకు మలుపు తిరిగేసరికి రోడ్డు కాస్తా మెట్లయింది. అందరూ దిగి నిలబడ్డారు. ప్యాకింగ్ సెక్షన్ పెద్దావిడ సంచిలోంచి పుస్తకం తీసి గట్టిగా చదివింది.

"ట్యాంకు దాటిన పిమ్మట మార్గము సుఖముగా సాగును."

ఎవరూ నవ్వలేదు. నవ్వేస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. సైకిళ్లు భుజాలకెత్తుకుని మెట్లు దిగారు. బోర్డుగారి సైకిలు ఇరవయ్యో మెట్టు నుంచి ఆయనతో పని లేకుండా తనే దిగింది.

ఫ్యాక్టరీ వీధిలో గోడ పొడవునా కార్లు బారు తీరి ఉన్నాయి. బోర్డుగారు తన పుస్తకాన్ని నమ్మిన మనిషి. కార్ల అద్దాలను రాసుకుంటూ పోయాడు. వెనక పదిహేడు మందీ మాత్రం బాగా ఎడంగానే వస్తున్నారు. గేటుకు పది అడుగుల దూరంలో ఒక నల్ల కారు తలుపు తెరుచుకుంది. సైకిలు అక్కడే ఆగింది. బోర్డుగారు ఆగలేదు.

కారులోంచి దిగింది మేనేజరు. ముందు తలుపు మీద గీత పడిందేమోనని వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాత, "దెబ్బ గానీ తగిలిందా?" అని అడిగాడు.

మోచెయ్యి గీరుకుపోయింది, మోకాలు చీరుకుపోయింది, కుడి మణికట్టు వాచింది. సాయంత్రం మరదలు మందుల సంచితో వచ్చింది. నేను చెప్పలేదూ అని ఆమె అనలేదు. అంటే ఎదురు చెప్పడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్న బోర్డుగారికి అవి అక్కరకు రాలేదు.

బల్ల మీద ప్రమాద నివేదిక ఫారం ఉంది. ఫ్యాక్టరీ తరఫున ఎవరికి ఏ దెబ్బ తగిలినా అది నింపేది ఆయనే. "కారణం" అన్న గడిలో తొమ్మిదేళ్లుగా ఒకటే మాట: కార్మికుని అజాగ్రత్త. వేలు నలిగినా అదే, ఆవిరికి చెయ్యి కాలినా అదే. మధ్యాహ్నం మేనేజరు ఫోన్ కూడా చేశాడు. "మామూలుగా రాసేదే రాసి పంపండి. ఈసారి దెబ్బా మీదే, సంతకమూ మీదే. పని ఇంకా తేలిక" అన్నాడు.

"ఏం రాస్తారు?" కట్టు కడుతూ అడిగింది మరదలు.

"అజాగ్రత్త అని రాయమంటున్నారు."

"అజాగ్రత్తగా తొక్కారా?"

"లేదమ్మా. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు తొక్కాను." ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన ఎడమ చేత్తో ఫారం దగ్గరకు లాక్కున్నాడు. "ప్యాకింగ్ పెద్దావిడ లేదూ, రెండేళ్ల కిందట సబ్బులు కోసే మిషన్లో ఆవిడ వేలు పోయింది. ఆవిడా ఇదే అంది. బోర్డులో ఉన్నట్టే చేశాను సార్ అంది."

"మీరేమన్నారు?"

"ఫారం నింపుతున్నాను, మాట్లాడకమ్మా అన్నాను."

ఆమె కత్తెరతో పట్టీ కత్తిరించి పెన్ను అందించింది. ఎడమ చేత్తో, కోడి గీతల్లాంటి అక్షరాలతో ఆయన గడి నింపాడు: వెనక చూడకుండా తలుపు తీసిన మేనేజరు, కార్లను ఆనుకుని పొమ్మని పుస్తకంలో రాసిన అధికారి.

ఆ ఫారం రెండుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి చేతిరాత బాగాలేదని, ఇంకోసారి గడి చిన్నది గనక కారణం క్లుప్తంగా ఉండాలని. మూడోసారి ఆయన చిన్న అక్షరాల్లో టైపు చేయించి పంపాడు. ఆ వారంలోనే బోర్డుగారిని ఖాళీ డబ్బాల స్టోరుకు మార్చారు. సైకిలు పుస్తకం రెండో ముద్రణ పని క్యాషియరుకు అప్పగించారు. ఆయన వెంటనే కంప్యూటర్లో మ్యాపు తెరిచాడు. గోదాము లేచింది. దాని పక్కన ఒక్క కారు పట్టేంత చోటు వదిలారు. ఎవరి కారుకో వేరే చెప్పక్కర్లేదు.

స్టోరుకు మారిన మొదటి రోజు, భోజనాల వేళ, బోర్డుగారు కుంటుకుంటూ ప్యాకింగ్ సెక్షన్‌కు వెళ్లాడు. పెద్దావిడ అన్నం డబ్బా మూత పెడుతోంది.

"ఆ రోజు మిషన్ దగ్గర ఏం జరిగిందో చెప్తారా?"

ఆవిడ ఆయన చేతికున్న కట్టు చూసింది, మొహం చూసింది.

"ఇప్పుడు తీరికైందా సార్?" అంది. చేతులు తుడుచుకుని, లేచి, మిషన్ వైపు నడిచింది. "రండి, చూపిస్తాను. ముందు ఆ స్విచ్ ఆపండి."