బొద్దింకల సాక్ష్యం

మా ఆయన దుర్గయ్య మ్యాన్‌హోల్‌లో దిగే ముందు బొద్దింకలను అడిగేవాడు. నవ్వకండి. మూత తీసి, అటూ ఇటూ పక్క మూతలు కూడా తీసి, కాసేపు దూరంగా కూర్చుని, తర్వాత టార్చిలైటు వేసి చూడాలి. గోడల మీద బొద్దింకలు పరుగులు పెడుతుంటే లోపల గాలి బాగున్నట్టు. ఒక్కటీ కనబడకపోతే విషపు గాలి, దిగకూడదు. ఈ చదువు డ్రైనేజీ పనివాళ్ళకు ఏ బడిలోనూ చెప్పలేదు. బాబురావని వాళ్ళ జతగాడు చాంద్రాయణగుట్ట దగ్గర తొందరపడి దిగాడు. మళ్ళీ తన కాళ్ళతో పైకి రాలేదు. అప్పటినుంచి మా ఆయన బొద్దింకల మాట జవదాటలేదు.

ఇది డెబ్బై నాలుగులోనో, డెబ్బై అయిదులోనో జరిగింది. మా రెండోది కడుపులో ఉంది కాబట్టి డెబ్బై అయిదే. మాదన్నపేట కూరగాయల మార్కెట్టు వెనక గల్లీలో డ్రైనేజీ పొంగింది. దిగువన అలివేలమ్మగారి ఇంటి ముందు ఒక ఎండిన మ్యాన్‌హోల్ ఉంది. అందులో దిగి అడ్డం తీయాలి. నేను అన్నం డబ్బా పట్టుకుని పోయేసరికి మా ఆయన ఒళ్ళంతా కొబ్బరినూనె రాసుకుని, నడుముకు తాడు కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నూనె లేకుండా దిగితే వారం రోజులు గోక్కోవడమే పని. తాడు రెండో కొస ఆయన జోడీ ఇశ్రాయేలు చేతిలో ఉంది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు వేణుగోపాల్ ఇస్త్రీ ప్యాంటు పైకి మడిచి నిలబడ్డాడు.

“ఎంతసేపు కూసుంటవ్ దుర్గయ్యా?”

“బొద్దింకలు లేవు సార్. ఒక్కటి లేదు.”

“ఏ రూల్ల ఉంది గిట్ల? బొద్దింకల పర్మిషన్ తీసుకోవాల్నా?”

“రూల్ల లేదు సార్. జర మీరే వొంగి చూడుండ్రి, మీకన్న కనవడ్తయేమో.”

ఇశ్రాయేలు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. వేణుగోపాల్‌కు అది నచ్చలేదు. జేబులోంచి కాగితం తీశాడు.

“దిగకుంటే సస్పెండ్ రాస్త. గంతే.”

దిగితే మనిషి పోతాడు, దిగకపోతే నౌకరీ పోతుంది. మా ఆయన నా పొట్ట వంక ఒకసారి చూసి లేచి నిలబడ్డాడు. అప్పుడే అలివేలమ్మగారు గడపలోంచి మాట్లాడింది.

“పాపం మీకు వాసన కొట్టకుండ ఉంటదని పొద్దున్నే రెండు సీసాల ఫినాయిల్ పోసిన. మూత సందుల్నుంచి. అందుకే లేవేమో.”

వేణుగోపాల్ మొహం వెలిగింది. “ఇన్నవా? గ్యాస్ లేదు ఏం లేదు. ఫినాయిల్‌కు చచ్చినయ్. ఇగ దిగు.”

“గ్యాస్‌కు చచ్చినయో, ఫినాయిల్‌కు చచ్చినయో నాకెట్ల ఎర్కైతది సార్? చెప్పెటోళ్ళే లేకపాయె.”

ఇక నేను ఊరుకోలేకపోయాను. “అమ్మా, అన్ని సావయి. సగం మీదికి ఉర్కుతయి. మీ వంటింట్ల ఉంటయి, చూడనిస్తరా? పట్టి సీసాల పెట్టి లోపటికి దించుదం.”

“మా వంటింట్లనా? మడి వంటిల్లమ్మా మాది.” ఆమె గడపకు అడ్డంగా నిలబడింది. “నువ్వు రావద్దు. నేనే చూస్త.”

లోపల గిన్నెలు పడ్డాయి. పీట ఈడ్చిన చప్పుడు. కాసేపటికి ఆమె కొప్పు ఊడి, చెంగు నడుముకు దోపుకుని, గాజు సీసాతో బయటికి వచ్చింది. అందులో అయిదు బొద్దింకలు, నెయ్యి తిన్న మొహాలు.

“పక్కింటివి,” అంది. “ఇప్పుడే వచ్చినయి.”

“ఎవలింటివైనా మంచిదే తల్లీ,” అని ఇశ్రాయేలు సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టి, పురికొసతో లోపలికి దించాడు. గల్లీ అంతా మూగింది. బార్కస్ నుంచి కూరగాయలకు వచ్చిన ముసలాయన, “జీతే కీ మర్‌తే భాయ్?” అని, బతికాయా చచ్చాయా అని అడుగుతూనే ఉన్నాడు. బీడీ కాల్చినంత సేపు ఆగి సీసాను పైకి లాగారు. అయిదూ వెల్లకిలా పడి ఉన్నాయి.

వేణుగోపాల్ సీసా ఊపి చూశాడు. “ఇవి గూడ ఫినాయిల్‌కే చచ్చినయ్. పక్కింటి బొద్దింకలు, ఫినాయిల్ అలవాటు లేనివి.”

అందరూ అలివేలమ్మగారి వంక చూశారు. మా ఆయన చేతులు జోడించాడు.

“అమ్మా, నిజం చెప్పుండ్రి. పక్కింటివేనా?”

ఆమె గల్లీ అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది. అందరూ తెలిసినవాళ్ళే. చెంగు విదిలించి గొంతు పెంచింది.

“మా ఇంటివే. నేను ఫినాయిల్ పోయంగనే మా తూములకెల్లి ఎక్కినయి. ఫినాయిల్ల తానం చేసి పొద్దటిసంది నా బియ్యం డబ్బా ఎనక ఎగురుతున్నయి. ఫినాయిల్‌కు సచ్చేటివైతే అప్పుడే సావకపోవునా, సార్?”

వేణుగోపాల్ సీసా వంక, మ్యాన్‌హోల్ వంక చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“బద్దలు తెప్పియ్యి ఇశ్రాయేలు. మీదికెల్లే కొడుదం.”

వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి పొద్దుగూకేదాకా పొడిచి అడ్డం తీశారు. వేణుగోపాల్ కూడా ఒక చెయ్యి వేశాడు, ఇస్త్రీ ప్యాంటు సంగతి అడక్కండి. మా ఆయన ఆరోజు ఇంటికి పొడిగా వచ్చాడు. ఆరేళ్ళ కాపురంలో పనిరోజున ఆయనను వాకిట్లో నిలబెట్టి బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించకుండా లోపలికి రానిచ్చింది అదే మొదటిసారి.