పందొమ్మిదేసి పుల్లల జత

నేను ఒక జత డ్రమ్ము పుల్లలను. అయితే ఒంటి కర్రతో చేసిన మామూలు పుల్లలను కాను. సన్నని వెదురు పుల్లలు పందొమ్మిదేసి కలిపి రెండు కట్టలుగా కడితే నేనయ్యాను. పట్టుకునే చోట ప్లాస్టిక్ తొడుగు, నడుమున ముందుకూ వెనక్కీ జరిగే రబ్బరు ఉంగరం. కర్ర పడితే అరిచే డ్రమ్ము, నేను పడితే మామూలు గొంతుతో మాట్లాడుతుంది.

నన్ను ఉత్తరాదిన బ్యాండు మేళం సామాను తయారుచేసే ఒక కార్ఖానాలో కట్టారు. కట్టడం అయ్యాక ఒక ముసలి పనివాడు నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు, లోపల పగిలిన పుల్ల ఏదైనా ఉందేమోనని. పుట్టిన రోజునే నన్ను అనుమానించారు. ఆ గుణం నాకూ అబ్బింది.

రాజమండ్రిలో గవర్రాజు గారి వాయిద్యాల కొట్టుకు చేరాక అది ఇంకా ముదిరింది. వచ్చినవాళ్ళు నన్ను తీసి, "చీపురు కట్టలా ఉందేంటండీ?" అని మళ్ళీ మేకుకు తగిలించేవారు. కొంచెం ఆగి చూసేవాళ్ళ మీద నాకు ఇంకా అనుమానం. డ్రమ్ము కొట్టేవాడు చప్పుడు తగ్గించుకోవాలని తనంతట తాను ఎందుకు అనుకుంటాడు? ఎవరో ఏదో అనే ఉంటారు.

రత్నరాజు వచ్చిన రోజు నా అనుమానం నిజమైంది. నలభై అయిదేళ్ళ మనిషి. చర్చిలో ఇరవై రెండేళ్ళుగా డ్రమ్ములు వాయిస్తున్నాడు. వెంట భార్య సలోమి ఉంది. అతను కొట్లోకి వస్తూనే మొదలుపెట్టాడు.

"చూడండి గవర్రాజు గారూ, మా పాత మందిరం పడగొట్టి కొత్తది కట్టారు. గోడల నిండా టైల్సు, నెత్తి మీద స్లాబు. చప్పుడు మోగిపోతందని మా సంఘం కార్యదర్శి దేవసహాయం మాస్టారు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. ఎవరన్నారు మాస్టారూ అంటే చెప్పడు. నాకు తెలీదా ఏంటి? ఈస్టరుకి కీబోర్డు వాయించడానికి షారోనని ఒక పిల్ల వచ్చింది. ఆ కీబోర్డులో మీట నొక్కితే డ్రమ్ములు దానంతటదే మోగుతాయి. ఇవాళ మెల్లగా వాయించమంటారు, రేపు లేచిపొమ్మంటారు."

గవర్రాజు గారు కొట్లో ఉన్న చిన్న డ్రమ్మును ముందుకు జరిపారు. మొదట తీగల కుంచెలు ఇచ్చారు. రత్నరాజు రెండుసార్లు రాసి, "చేటలో బియ్యం చెరిగినట్టుంది" అని పక్కన పెట్టాడు. తర్వాత ఏడేసి లావు పుల్లలు కట్టిన జత తీసుకున్నాడు. దాని దెబ్బ దాదాపు కర్ర దెబ్బే. అతని మొహం విప్పారింది. పేరుకు మెత్తటి పుల్లలు కొన్నట్టు ఉంటుంది, మోతకు మోతా ఉంటుంది. ఆ ఎత్తు నాకు ఇట్టే అర్థమైంది.

అప్పుడు సలోమి మేకు మీది నుంచి నన్ను తీసింది. "ఇవి చూడండి," అంది. గుసగుసలా ఉంది ఆ మాట.

"నీకేం తెలుసు డ్రమ్ముల సంగతి?"

ఆమె చేతిలోని ఫ్లాస్కు మూత తీసి రెండు గుక్కల వేడినీళ్ళు తాగింది. నన్ను మాత్రం కిందపెట్టలేదు. చివరికి అతను విసుగ్గా నన్ను లాక్కుని ఒక్కసారి కొట్టి చూసి, "సర్లే, కట్టండి," అన్నాడు. అతను సలోమిని అనుమానించలేదు. నేను అనుమానించాను. అంత పట్టుదల ఊరికే రాదు.

శనివారం మధ్యాహ్నం మందిరంలో పాటల సాధన. రత్నరాజు కోపమంతా నా మీద చూపించాడు. రెండో చరణానికే నాలో ఒక పుల్ల చిట్లింది. అతనికి కావలసిందీ అదే. "చూశారా? పిల్లలాడుకునేవి ఇచ్చి వాయించమంటే ఇలాగే ఉంటది," అన్నాడు.

షారోను కీబోర్డు ముందు నుంచి లేచి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. "అంకుల్, ఆ రబ్బరు ఉంగరం వెనక్కి జరపండి. పుల్లలు విచ్చుకుంటాయి. అంత గట్టిగా కొట్టక్కర్లేదు కూడా."

"అన్నీ నువ్వే చెప్పు. నీ పెట్టెలో డ్రమ్ములున్నాయి కదమ్మా, మధ్యలో నేనెందుకు? ఆ కంప్లయింటేదో నా మొహం మీదే ఇవ్వాల్సింది."

"నేనేం చెప్పలేదంకుల్. ఒట్టు. డ్రమ్ములున్న చర్చి అనే నేను ఇక్కడికొచ్చాను."

దేవసహాయం మాస్టారు కుర్చీలోంచి లేచారు. "ఆ పిల్లనేం అనకు రాజూ. చప్పుడు తగ్గించమని నన్ను అడిగింది సలోమి."

పాడేవాళ్ళ వరుస సరిగ్గా డ్రమ్ముల వెనకే ఉంటుంది. రత్నరాజు స్టూలు మీదే వెనక్కి తిరిగాడు. ఆ వరుసలో ఉన్న సలోమి పాటల పుస్తకం మూసింది.

"కాకినాడలో డాక్టరుకి చూపించుకున్నానండీ. అక్క ఇంటికెళ్తున్నానని చెప్పాను కదా, ఆ రోజు. మీ చేతుల్లో కాయలు కాసినట్టు నా గొంతులో కాశాయంట. ఏళ్ళ తరబడి అరిచి పాడినందుకు. అరవడం మానకపోతే మాటే పోద్దన్నాడు."

"అరిచి పాడటమేంటి?"

"డ్రమ్ముల వెనక నిలబడి ఎలా పాడమంటారు మరి?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు వాయించడం మానేస్తారు. లేకపోతే నన్ను పాడటం మానెయ్యమంటారు. రెండిట్లో ఏదంటారో నాకు తెలీలేదు. భయమేసింది."

'ఛ, నేనలా అంటానా' అని అతను అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఏమనేవాడో అతనికీ తెలియదని నా రబ్బరు ఉంగరాన్ని ఊరికే అటూ ఇటూ జరుపుతున్న వేళ్ళను బట్టి గ్రహించాను. అంతవరకూ ఎవరినీ నమ్మని నేను ఆ ఒక్క క్షణం అతన్ని నమ్మాను.

అతను షారోను వైపు చూసి, "ఈ ఉంగరం ఎంతవరకు జరపాలమ్మా?" అని అడిగాడు. ఆమె వచ్చి జరిపి చూపించింది. మళ్ళీ పాట మొదలైంది. నేను ఈసారి మెల్లగా, విచ్చుకున్న పుల్లలతో పడుతున్నాను. రెండో చరణంలో వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. కొంచెం బొంగురు. పల్లవికి తిరిగి వచ్చే ముందు చిన్నగా ఊపిరి పీల్చుకునే గొంతు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆ ఊపిరి అతను ఎన్నడూ వినలేదు. తాళం తప్పాడు. వాయించడం ఆపేశాడు.

"ఏమైందండీ?" అంది సలోమి.

"ఏం లేదు. మళ్ళీ మొదట్నుంచి అందుకోండి."

ఆ తర్వాత ఏడు నెలలు అతని చేతుల్లోనే ఉన్నాను. సలోమిని డాక్టరు దగ్గరకు అతనే తీసుకెళ్ళాడు. కాయలు తగ్గాయి గాని పూర్తిగా పోలేదట. మాట్లాడొద్దని డాక్టరు అన్న రోజుల్లో ఇంట్లో ఆమె పలక మీద రాసి చూపించేదని, అతను దానికి కూడా వాదించేవాడని సాధనలో అందరూ నవ్వుకునేవారు. షారోనుకు అతను క్షమాపణ మాటల్లో చెప్పగా నేను వినలేదు. ఆమె కీబోర్డును అతనే బస్సు దాకా మోయడం మాత్రం చూశాను. నా పుల్లలు ఒక్కొక్కటే విరిగి కట్టకు పదకొండేసి మిగిలాయి.

ఒక రోజు అతను నా స్థానంలోకి కొత్త జత కొనడానికి గవర్రాజు గారి కొట్టుకు వెళ్ళాడు. నమూనా కోసం నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడ సామర్లకోట నుంచి వచ్చిన ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా డ్రమ్మరు, రెండు రకాల పుల్లలు రెండు చేతుల్లో పట్టుకుని తేల్చుకోలేక నిలబడ్డాడు. నా అవతారం చూసి రత్నరాజును అడిగాడు. "మీరు వాడారు కదండీ, చెప్పండి. సన్నవి మంచివా, లావువా?"

రత్నరాజు ఎదురు ప్రశ్న వేశాడు.

"మీ డ్రమ్ముల వెనకాల ఎవరు నిలబడి పాడతారు?"

ఆ డ్రమ్మరు బుర్ర గోక్కున్నాడు. "ఎప్పుడూ చూడలేదండీ."

"అయితే ముందు అది చూసి రండి," అన్నాడు రత్నరాజు. సామర్లకోట డ్రమ్మరు ఆ రెండు జతలనూ మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.