బిజ్జా విదేశాంగ విధానం

బస్తర్ అడవుల్లోని బాసగూడ సంతలో చింతపండు అమ్ముకుని వస్తున్న బిజ్జాకు వినోద్ అనే టీవీ విలేకరి మైకు అడ్డం పెట్టాడు. ఆ వారం సరిహద్దులో తుపాకులు పేలాయి. పొరుగు దేశం మీద అడవి మనిషి కోపం కావాలని స్టూడియో నుంచి ఫోను వచ్చింది.

"పడోసీ ధోఖా దేతా హై క్యా?" అన్నాడు వినోద్. పక్కవాడు మోసం చేస్తున్నాడా అని.

బిజ్జాకు తెలిసిన పక్కవాళ్లు వాగు అవతలి ఊరివాళ్లు. దేశాల సంగతి అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తన భాషలోనే అందుకున్నాడు.

"ఆళ్ల సంగతి ఏంది చెప్పేది? రాత్రి మా మడుగుల వల ఏస్తరు. తెల్లారి జోహార్ అంటరు. నోరు నవ్వుతది, చెయ్యి మన బుట్టల ఉంటది."

వినోద్‌కు ఆ భాష రాదు. కోపం మాత్రం అర్థమైంది. మిగతాది స్టూడియో చూసుకుంటుంది.

సాయంత్రం వార్తల్లో బిజ్జా కనిపించాడు. "శత్రుదేశానికి బస్తర్ రైతు హెచ్చరిక" అని కింద ఎర్ర అక్షరాలు. అవతలి దేశం ఛానెల్ అదే బొమ్మ తీసుకుని "సొంత సర్కారుపై గిరిజనుడి తిరుగుబాటు" అని వేసింది. రెండు విదేశాంగ శాఖలూ పరస్పరం ఖండించుకున్నాయి. ఖండనలు అందజేసుకున్నాక దూతలిద్దరూ మూడో దేశంలో ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేశారు. దాన్ని ఏ ఛానెలూ వేయలేదు.

బిజ్జా ఇబ్బంది వేరు. స్టూడియో వేసిన హిందీ గొంతు కింద అతని గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. వాగు అవతల ఫోన్లలో అందరూ విన్నారు. అక్కడ తర్జుమా అవసరం పడలేదు. విన్నవాళ్లలో కేసా ఒకడు. బిజ్జా కూతురు నందేను కేసా కొడుక్కి ఇస్తామని మాటైంది. పెళ్లి వచ్చే వారం.

"పిల్ల పెండ్లి ఆగితే నేను నీ ఇంట్ల ఉండ" అంది భార్య గంగే. "టీవీల లేసిన నోరు ఆడ కూడా లేస్తదేమో, పోయి సూడు."

బిజ్జా వాగు దాటాడు. కేసా ఇంటి ముందు పెద్దలు కూర్చుని ఉన్నారు.

"రా బావా. దేశమంత నిన్నే సూస్తున్నది" అన్నాడు కేసా.

"నేనన్నది మిమ్ముల కాదు బావా. ఆ దేశపోళ్లని."

"ఏ దేశపోళ్లు?"

"టీవీల రాసిండ్రు గద, ఆళ్లే."

కేసా పెద్దల వైపు చూశాడు. "అయితే మడుగుల వల ఏసింది ఆళ్లేనా?"

ఆ మడుగు కోసం బిజ్జా మూడేళ్లుగా పంచాయితీ నడుపుతున్నాడు. వల కేసా తమ్ముడిదని చూసిన సాక్షులున్నారు. కాదంటే పెళ్లి పోతుంది. అవునంటే మడుగు పోతుంది.

"ఆళ్లే" అన్నాడు.

"అంత దూరం నుంచి మన జెల్ల చేపల కోసం వచ్చిండ్రా?" అన్నాడో ముసలాయన. ఎవరూ నవ్వలేదు.

"ఎట్లొచ్చిండ్రో సర్కారుకు తెలుస్తది" అన్నాడు బిజ్జా.

"మరి మా తమ్ముని మీద నువ్వు పెట్టిన పంచాయితీ?"

"అది తప్పు పంచాయితీ."

"పాపం, ఇన్నాళ్లు వాణ్ణి దొంగన్నరు. పోయిన పరువుకు ఈ ఏడు మడుగుల చేపలు మేం పట్టుకుంటం. బావవు, కాదనవు."

బిజ్జా కాదనలేదు.

పెళ్లి అనుకున్న రోజునే కేసా ఇంట్లో జరిగింది. విందులో చేపల పులుసు వడ్డించారు. పులుసు బాగుందని గంగే అంది. చేపలు ఎక్కడివని బిజ్జా అడగలేదు.

"తిను బావా" అంటూ కేసా అతని ఆకులో ఇంకో ముక్క వేశాడు. "శత్రుదేశం సరుకు."